నిర్ణయానికీ బిడ్డ ఏడుపుకీ మధ్య



కాన్పుల ప్రస్తావన ఎక్కడ వచ్చినా ముందు వినిపించే మాట ఒకటుంది. "ఈ రోజుల్లో మామూలు కాన్పులెక్కడివండీ, అందరికీ పెద్దాపరేషనే కదా!" ఈ మాటలో అబద్ధం లేదు. 2019–21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్‌తో జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తానికి సగటు 21.5 శాతమే. తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రులను విడిగా తీసి చూస్తే 80 శాతం దాటింది.

ఇన్ని ఆపరేషన్లు జరిగే చోట "ఆపరేషన్ ఆలస్యమైంది, బిడ్డ దక్కలేదు" అని ఎవరైనా అంటే వినేవాళ్లకు వింతగా ఉంటుంది. నేను ఈ పూట చెప్పదలచుకున్నది మాత్రం దాని గురించే. పగటిపూట, ముహూర్తం చూసుకుని, తొందరేమీ లేని ఆపరేషన్లు వరసగా జరిగిన ఊళ్లోనే, అర్ధరాత్రి దాటాక నిజంగా అవసరం పడిన మనిషి లేబర్ రూము బల్ల మీద మత్తు డాక్టరు కోసం ఎదురుచూస్తూ పడుకుని ఉంటుంది. నా ఉద్యోగమంతా ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పుల వార్డుల్లోనే గడిచింది. ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో దగ్గరగా చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. మనం ఆపరేషన్ల శాతం లెక్కపెడుతున్నాం, నిమిషాలు లెక్కపెట్టడం లేదు.

ఏ ఆపరేషన్‌కు ఎంత తొందర ఉందన్నది ముందు తేల్చుకోవాలి. బ్రిటన్‌లో 2000వ సంవత్సరంలో వైద్యులు దీన్ని నాలుగు తరగతులుగా విడగొట్టారు. ఇప్పుడు చాలా దేశాల్లో అదే వాడుకలో ఉంది. తల్లికో బిడ్డకో అప్పటికప్పుడు ప్రాణం మీదికి వచ్చినది మొదటి తరగతి. ఇబ్బంది మొదలైంది గాని ఈ క్షణాన ప్రాణాపాయం లేదంటే రెండోది. మిగతా రెండింటికీ వ్యవధి ఉంటుంది. మొదటి తరగతి అని నిర్ణయించాక వీలైనంత త్వరగా, చాలావరకు 30 నిమిషాల లోపు బిడ్డ బయటికి రావాలనీ, రెండో తరగతికి 75 నిమిషాలు దాటకూడదనీ అక్కడి మార్గదర్శకాలు చెబుతాయి. అమెరికాలో కూడా ఈ అరగంట మాట చాలాకాలంగా ఉంది.

ఈ అరగంటను మంత్రంలా పట్టుకోవద్దని కూడా చెప్పాలి. ఇరవై తొమ్మిదో నిమిషంలో పుట్టిన బిడ్డ క్షేమం, ముప్ఫై ఒకటో నిమిషంలో పుడితే ప్రమాదం అని ఎక్కడా లేదు. అన్ని వసతులూ ఉన్న దేశాల్లో కూడా ప్రతిసారీ అరగంటలో చేయలేకపోతున్నారు. ఉమ్మనీరు పోయిన వెంటనే బొడ్డుతాడు తల కంటే ముందు కిందికి జారి, తల కింద నలిగిపోతుంటే అరగంట కూడా ఎక్కువే. పాత ఆపరేషన్ నాటి గర్భసంచి కుట్టు విడిపోయినప్పుడూ అంతే, మాయ ముందే ఊడి లోపల రక్తం గడ్డకడుతున్నప్పుడూ అంతే. బిడ్డ మెదడుకు ప్రాణవాయువు పూర్తిగా ఆగిపోతే, సుమారు పది నిమిషాలు దాటేసరికి తిరిగి బాగుచేయలేని నష్టం మొదలవుతుంది. మరోవైపు, అంత తొందర లేని చోట పరుగెత్తి మత్తు ఇస్తే తల్లి ప్రాణానికే ముప్పు. కడుపు నిండా తిని ఉన్న మనిషికి మత్తు ఇస్తే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. న్యూయార్క్‌లో మెండెల్సన్ అనే వైద్యుడు దీన్ని 1946లోనే కాన్పు కేసుల్లో చూసి రాశాడు. అందుకని గడియారం ఒక కొలబద్ద మాత్రమే. కాని కొలబద్దే లేకపోతే ఆలస్యం ఎక్కడ జరిగిందో ఎవరికీ తెలియదు.

ఇక ఆ అరగంటలో ఏం జరుగుతుందో చూద్దాం. బయట వరండాలో కూర్చున్న అత్తగారికీ భర్తకూ ఇదంతా కనపడదు. వాళ్లకు కనపడేది తెరుచుకుని మూసుకునే తలుపు ఒక్కటే.

రాత్రి స్టాఫ్ నర్సు డాప్లర్ పెట్టి బిడ్డ గుండె చప్పుడు వింటుంది. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాల్సింది 80కి పడిపోయి పైకి రావడం లేదు. ముందు తల్లిని ఎడమ పక్కకు తిప్పుతుంది. నొప్పుల మందు సెలైన్‌లో ఎక్కుతుంటే ఆపేస్తుంది. డ్యూటీ డాక్టరును పిలుస్తుంది. డాక్టరు చేత్తో పరీక్ష చేసి బొడ్డుతాడు జారిందని గుర్తిస్తుంది. ఆ క్షణం నుంచి ఒక నర్సు చేయి లోపలే ఉండాలి. రెండు వేళ్లతో బిడ్డ తలను పైకి నెట్టి పట్టుకోవాలి, తాడు మీద బరువు పడకుండా. తల్లి నడుము కింద దిండ్లు పెట్టి ఎత్తుతారు, లేదా మోకాళ్ల మీద వంగి ఉండమంటారు. ట్రాలీ కదులుతుంటే ఆ నర్సు కూడా ట్రాలీ మీదే, చేయి తీయకుండా వెళ్తుంది. థియేటర్‌లో గుడ్డలు కప్పినా ఆ చేయి వాటి కింద అలాగే ఉంటుంది. పైనుంచి బిడ్డను తీశామని సర్జన్ చెప్పేదాకా ఆమె వేళ్లు తిమ్మిరెక్కినా కదలదు. అలా పట్టుకుని బిడ్డలను దక్కించిన నర్సులను నేను చూశాను. పత్రికల్లో వాళ్ల పేర్లు ఎప్పుడూ రాలేదు.

ఇదంతా జరుగుతుండగా మిగతావాళ్లు ఏం చేయాలి? ఒకరు మత్తు డాక్టరుకు, పిల్లల డాక్టరుకు ఫోన్ చేయాలి. ఒకరు రక్తం నమూనా తీసి గ్రూపు, క్రాస్ మ్యాచ్ కోసం పంపాలి. మూత్రం గొట్టం వేయాలి. పరిస్థితి చెప్పి సంతకం తీసుకోవాలి. థియేటర్ తాళం తీయాలి. వెన్నులో మత్తు ఇవ్వడానికి ఐదు, పది నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత చర్మం మీద కత్తి పెట్టిన దగ్గర్నుంచి బిడ్డ చేతికి రావడానికి అనుభవం ఉన్నవాళ్లకు మూడు నాలుగు నిమిషాలు చాలు.

అందరూ "ఆపరేషన్ ఆలస్యమైంది" అంటారు గాని, ఆపరేషన్‌లో ఆలస్యం కావడం చాలా అరుదు. ఆలస్యమంతా దాని ముందే జరుగుతుంది. తాళం చెవి ఇంటికి పట్టుకుపోయిన మనిషి దగ్గర, ఫోన్ ఎత్తని డాక్టరు దగ్గర, రాత్రిపూట ఆపరేటరు లేని లిఫ్టు దగ్గర, ముప్ఫై నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న రక్తనిధి దగ్గర. వీటిలో చాలావాటికి కొత్త భవనమో కోట్ల రూపాయల యంత్రమో అక్కర్లేదు. నేను పనిచేసిన ఒక ఏరియా ఆసుపత్రిలో తాళం గొడవ పడలేక ఒక హెడ్ నర్సు థియేటర్ తాళం చెవి ఇంకొకటి చేయించి, లేబర్ రూములో మందుల బీరువా పక్కన మేకుకు వేలాడదీసింది. దాని కింద ఒక కాగితం మీద "రాత్రిపూట ఎవరు తీసినా సరే, అనుమతి అక్కర్లేదు" అని రాసి అంటించింది. ఆ పనికి ఎవరూ ఆమెకు శాలువా కప్పలేదు. ఆ ఏడాది అక్కడ రాత్రి ఆపరేషన్లు మొదలవడానికి పట్టే సమయం కళ్లకు కనిపించేంత తగ్గింది.

1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లుల మరణాల వెనక మూడు ఆలస్యాలున్నాయని ఒక వ్యాసం రాశారు. ఆసుపత్రికి వెళ్లాలని ఇంట్లో నిర్ణయించుకోవడంలో జరిగే ఆలస్యం మొదటిది. ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం రెండోది. చేరాక సరైన వైద్యం అందడంలో ఆలస్యం మూడోది. మన రెండు రాష్ట్రాలూ మొదటి రెండింటి మీద గట్టిగానే పనిచేశాయి. 108 వాహనం 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. అదే ఏడాది జననీ సురక్షా యోజన వచ్చింది. 2011 జూన్‌లో జననీ శిశు సురక్షా కార్యక్రమం వచ్చాక ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి వెళ్లే బండి అన్నీ ఉచితమయ్యాయి. ఊరూరా ఆశా కార్యకర్తలు చెప్పి, ఒప్పించి, వెంటబెట్టుకుని తీసుకొచ్చారు. నేను చెప్పిన ఆ సర్వేలోనే తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరిగాయని ఉంది. 2018–20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 ఉంటే తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఇది చిన్న విజయం కాదు.

కాని ఆసుపత్రికి రమ్మని బతిమాలి తెచ్చాం కాబట్టే మూడో ఆలస్యానికి పూర్తి బాధ్యత మనది. ఆ తల్లి ఇంట్లో కూర్చుని ఆలస్యం చేయలేదు. మన మాట నమ్మి, మన గడప లోపలికి వచ్చింది.

ఆ గడప లోపల ఏముండాలో కాగితం మీద స్పష్టంగానే ఉంది. ఆపరేషన్ కాన్పు, రక్తం నిల్వ, పుట్టిన బిడ్డకు వైద్యం, ఈ మూడూ ఇరవై నాలుగు గంటలూ ఉన్న చోటునే ఫస్ట్ రిఫరల్ యూనిట్ అనాలి. అంటే స్త్రీల డాక్టరు, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు ముగ్గురూ ఉండాలి. 2021–22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల్లో దేశంలోని సామాజిక ఆరోగ్య కేంద్రాలకు కావలసిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం లోటు కనిపించింది. ముగ్గురిలో ఒక్కరు లేకపోయినా రాత్రిపూట ఆ ఆసుపత్రి రిఫరల్ చీటీ రాసే చోటుగా మిగిలిపోతుంది.

ఆ రిఫరల్ ఎలా జరుగుతుందో కూడా చెప్పాలి. "ఇక్కడ కాదమ్మా, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అంటారు. చీటీ మీద ఏ టైముకు వచ్చింది, గర్భసంచి నోరు ఎంత తెరుచుకుంది, ఏ మందు ఇచ్చారు, బిడ్డ గుండె ఎలా ఉంది అన్నవేవీ ఉండవు. "ఉన్నత వైద్యం కోసం" అని ఒక్క ముక్క ఉంటుంది. అవతలి ఆసుపత్రికి ఫోన్ చేయరు. అక్కడికి వెళ్తే అక్కడి డాక్టరు మళ్లీ మొదటి నుంచి చూడాలి. అప్పటికే థియేటర్‌లో ఇంకో కేసు నడుస్తుంటే వరసలో పడాలి. హైదరాబాద్‌లో పేట్లబురుజు, సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రులు, విశాఖలో ఘోషా ఆసుపత్రి లాంటి చోట్లకు చుట్టుపక్కల జిల్లాల నుంచి ఇలా వచ్చేవాళ్లు ఎంతమందో. అక్కడి జూనియర్ డాక్టర్లు రాత్రంతా నిలబడి చేస్తారు. కాని వాళ్ల దగ్గరికి చేరేలోపే గడిచిపోయిన గంటలను వాళ్లు వెనక్కి తేలేరు. పంపేవాళ్లు ఒక్క ఫోన్ చేసి "బయల్దేరింది, ఫలానా గ్రూపు రక్తం, ఫలానా ఇబ్బంది, గంటలో వస్తుంది" అని చెబితే అవతల థియేటర్ సిద్ధంగా ఉంటుంది. ఆ ఫోన్ చేయడం రిఫరల్‌లో భాగమని ప్రతి ఆసుపత్రీ రాసి పెట్టుకోవాలి.

ఏజెన్సీ గ్రామాల సంగతి వేరు. పాడేరు, సీలేరు వైపు కొండల మీద నుంచి గర్భిణిని డోలీలో మోసుకొచ్చే వార్తలు మీరు వానాకాలంలో ప్రతి ఏడాదీ వింటూనే ఉన్నారు. అక్కడ నొప్పులు మొదలయ్యాక బయల్దేరితే ఏ అరగంట లెక్కా పనిచేయదు. అందుకే సాలూరులో గిరిజన గర్భిణులకు పెట్టిన వసతి గృహం లాంటివి మేలు. నెలలు నిండేముందే వచ్చి, ఆసుపత్రికి దగ్గరలో ఉండి, తిని, పడుకుని, కాన్పు అయ్యాక వెళ్తారు. పెద్ద పిల్లలను కూడా వెంట తెచ్చుకోనిస్తే ఇంకా ఎక్కువమంది వస్తారు. ఇంట్లో చిన్నపిల్లలను వదిలి రాలేకనే చాలామంది ఆగిపోతారు.

మత్తు డాక్టర్ల కొరత కొత్తది కాదు. దీనికి ఒక మంచి మార్గం ఉంది. మామూలు ఎంబీబీఎస్ డాక్టర్లకు కొన్ని నెలలు శిక్షణ ఇచ్చి, ప్రాణాపాయ కాన్పులకు మత్తు ఇవ్వడం నేర్పే పథకం జాతీయ స్థాయిలో ఉంది. అలాగే అత్యవసర కాన్పు వైద్యం, ఆపరేషన్ నేర్పే శిక్షణ కూడా ఉంది. వీటిలో నేర్చుకున్నవాళ్లలో చాలా చక్కగా చేసేవాళ్లను నేను చూశాను. వాళ్లను తర్వాత థియేటరే లేని పీహెచ్‌సీకి బదిలీ చేయడం కూడా చూశాను. నేర్చుకున్న చేతికి పని లేకపోతే ఏడాది తిరిగేసరికి ధైర్యం పోతుంది. శిక్షణకు ఖర్చు పెట్టడం కంటే శిక్షణ పొందినవాళ్లను తగిన చోట నిలబెట్టడమే కష్టంగా ఉంది మన దగ్గర.

ఇప్పుడు మళ్లీ ఆ 60 శాతం దగ్గరికి వస్తాను. ఎక్కువ ఆపరేషన్లు, ఆలస్యమైన ఆపరేషన్లు, ఇవి రెండు వేరు వేరు జబ్బులని అనుకుంటాం. కాదు. 2016లో లాన్సెట్ పత్రిక తల్లుల ఆరోగ్యం మీద వేసిన వరస వ్యాసాల్లో దీన్ని ఒకే సమస్యకు రెండు కొసలుగా చూపించారు. ఒకచోట వైద్యం చాలక, వేళ మించి అందుతుంది. ఇంకోచోట అవసరానికి మించి, వేళ కాకముందే జరుగుతుంది. మన జిల్లాల్లో ఈ రెండు కొసలూ ఒకే ఊళ్లో కనిపిస్తాయి.

పైగా అనవసరపు ఆపరేషన్లు ఆలస్యమయ్యే ఆపరేషన్లను పెంచుతాయి. మొదటి కాన్పుకు అవసరం లేకపోయినా కోస్తే, రెండో కాన్పుకు గర్భసంచి మీద ఒక కుట్టు సిద్ధంగా ఉంటుంది. అలాంటివాళ్లలో చాలామందికి మామూలు కాన్పు క్షేమంగానే జరుగుతుంది. కాని ప్రయత్నించిన 200 మందిలో సుమారు ఒకరికి కుట్టు విడిపోవచ్చు. మాయ పాత గాటు మీద అతుక్కుని లోపలికి పాకితే రక్తం ఆపడం గగనమైపోతుంది. ఈ రోజు ముహూర్తానికి చేసిన ఆపరేషన్ మూడేళ్ల తర్వాత ఏ చిన్న ఊళ్లోనో అర్ధరాత్రి మొదటి తరగతి కేసై కూర్చుంటుంది.

అలాంటి ఒక రాత్రి సంగతి చెబుతాను. రెండో కాన్పు, మొదటిది ఆపరేషన్. ఊళ్లో నొప్పులు మొదలైతే తెలిసిన ఆర్‌ఎంపీ నొప్పులు పెరగడానికి సూది వేశాడు. కుట్టున్న గర్భసంచికి ఆ సూది ఎంత ప్రమాదమో అతనికి తెలియదు. ఒక ఆసుపత్రికి వెళ్తే మత్తు డాక్టరు లేరని పంపేశారు. మా దగ్గరికి వచ్చేసరికి నొప్పులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇంటివాళ్లు "నొప్పి తగ్గిందండీ, కాస్త నయంగా ఉంది" అన్నారు. అది నయం కాదు. కుట్టు విడిపోయి బిడ్డ గర్భసంచి దాటి పొట్టలోకి వచ్చేసింది. తల్లి నాడి కొట్టుకుంటోంది గాని చేతికి సరిగా అందడం లేదు. తల్లిని దక్కించుకున్నాం, గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. బిడ్డ దక్కలేదు. తెల్లారాక ఆ అమ్మాయి నన్ను అడిగిన మాట ఒకటే. "ముందే తీసుంటే బతికేదా మేడం?" అవునని చెప్పాల్సి వచ్చింది. ఎక్కడ ఎంత సమయం పోయిందో చెప్పడానికి మాత్రం నా చేతిలో ఒక్క కాగితం లేదు. ఆమె దాటి వచ్చిన ఏ చోటా ఎవరూ టైము రాయలేదు.

బతికిన పిల్లల గురించి కూడా ఒక మాట. మెడ నిలపని, నడవలేని పిల్లలను ఎత్తుకుని మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల భవిత కేంద్రానికి వెళ్లే తల్లులను మీరు చూసే ఉంటారు. సెరిబ్రల్ పాల్సీకి కారణాలు చాలా ఉన్నాయి. ఎక్కువభాగం కాన్పు ఆలస్యం వల్ల వచ్చేది కాదు. ఆ నింద ప్రతి ఆసుపత్రి మీదా వేయకూడదు. కాని కొందరికి మాత్రం అది ఆ రాత్రి పోయిన నిమిషాల వల్లే వచ్చింది. ఆ తల్లి జీవితమంతా ఆ నిమిషాలను ఎత్తుకునే తిరుగుతుంది.

ఆపరేషన్లు తగ్గించాలని ప్రభుత్వాలు పట్టుబడుతున్నాయి. ఆడిట్లు చేస్తున్నారు, మామూలు కాన్పులకు ప్రోత్సాహకాలు ప్రకటిస్తున్నారు. ఉద్దేశం మంచిదే, నేను సమర్థిస్తాను. కాని శాతం ఒక్కటే కొలతగా పెట్టుకుంటే ఏమవుతుందో ఇంగ్లండ్ అనుభవం చెబుతుంది. ష్రూస్‌బరీ, టెల్‌ఫోర్డ్ ఆసుపత్రుల్లో ఆపరేషన్ల శాతం దేశ సగటు కంటే తక్కువగా ఉండేది. దాన్ని గొప్పగా చెప్పుకునేవారు. డోనా ఓకెన్‌డెన్ అనే సీనియర్ మిడ్‌వైఫ్ నాయకత్వంలో ఏళ్ల తరబడి విచారణ జరిగి, 2022 మార్చిలో నివేదిక వచ్చింది. వైద్యం సరిగా అందివుంటే 201 మంది బిడ్డలు, తొమ్మిది మంది తల్లులు బతికి ఉండేవారేమోనని తేల్చారు. ఆపరేషన్ చేయాల్సిన చోట చేయకుండా లాగడం అక్కడ బయటపడిన లోపాల్లో ఒకటి. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఆపరేషన్ల మొత్తం శాతాన్ని ఆసుపత్రి పనితీరుకు కొలతగా వాడవద్దని ఇంగ్లండ్ ఆరోగ్య సేవల యంత్రాంగం ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2015లో ఇదే చెప్పింది. ఏదో ఒక శాతం అందుకోవాలని తాపత్రయపడే బదులు, అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందేలా చూడమంది. మన కలెక్టర్ల సమీక్షల్లో "మీ ఆసుపత్రిలో ఎంత శాతం?" అన్న ప్రశ్న పక్కన "ఎంతసేపటికి?" అన్న ప్రశ్న కూడా రావాలి. లేకపోతే శాతానికి భయపడిన డాక్టరు ఇంకో గంట చూద్దాం అంటాడు. ఆ గంట బిడ్డది.

ఇంకో గంట చూడొచ్చా లేదా అని తెలియాలంటే పక్కన ఒక మనిషి ఉండాలి. కాన్పు సాగుతున్న తీరును గంట గంటకూ గీతగా గీసే పట్టికను వైద్యులు పార్టోగ్రాఫ్ అంటారు. ఆఫ్రికాలో, అప్పటి రొడీషియాలో ఫిల్పాట్, కాసిల్ అనే వైద్యులు 1972లో దానికి హెచ్చరిక గీత, చర్య గీత చేర్చారు. దూరపు కేంద్రాల్లో నర్సులు, మంత్రసానులు కాన్పులు చూసే చోట, ఎప్పుడు పంపాలో వాళ్లకు తెలియాలని. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని కొత్తగా మార్చింది. మన దగ్గర ఆ కాగితం చాలాచోట్ల కాన్పు అయ్యాక కూర్చుని నింపుతారు. నర్సులను తిట్టి లాభం లేదు. రాత్రి ఇద్దరు నర్సులు పది మందిని చూస్తుంటే అరగంటకోసారి ఎవరి గుండె చప్పుడు వింటారు? తెలంగాణలో 2017 నుంచి నర్సులకు మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ ఇస్తున్నారు. కాన్పు పొడుగునా తల్లి పక్కనే ఉండే ఆ మనిషి వల్ల అనవసరపు ఆపరేషన్లు తగ్గుతాయని అందరూ చెబుతారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది, అవసరమైన ఆపరేషన్‌ను మొదట పసిగట్టేది కూడా ఆమేనని.

ఇక ఇంటివాళ్ల వైపు. భర్త దుబాయ్‌లోనో బెంగళూరులోనో ఉంటాడు, "ఆయన్ని అడిగి చెబుతాం" అంటారు. మామగారు ఊరి నుంచి రావాలంటారు. మేజరైన స్త్రీ ఒంటికి ఆపరేషన్ చేయడానికి ఆమె సంతకం చాలు. ప్రాణాపాయం ఉండి, ఆమె చెప్పలేని స్థితిలో ఉంటే ఆగకుండా చేయవచ్చు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు సమ్మతి గురించి వివరంగా చెప్పింది. రోగి బదులు పక్కనున్నవాళ్లు ఒప్పుకుంటే సరిపోదంది, ప్రాణం కాపాడాల్సిన అత్యవసరానికి మినహాయింపు ఇచ్చింది. అయినా గొడవ జరుగుతుందేమో, కొడతారేమో అన్న భయంతో డాక్టర్లు ఇంటి మగవాళ్ల కోసం ఆగుతారు. ఆ భయం ఉత్తది కాదు. ఆసుపత్రుల మీద దాడులు జరిగిన ప్రతిసారీ, ఆ తర్వాత చాలాకాలం చుట్టుపక్కల ఊళ్లలో కష్టమైన కేసులను ముట్టుకోవడం మానేసి పంపేయడం పెరుగుతుంది. ఆ నష్టం మళ్లీ ఇంకో గర్భిణికే.

నేను ప్రభుత్వాన్ని, ఆసుపత్రి యాజమాన్యాలను అడిగేది పెద్ద కోరిక కాదు. కాన్పుల రిజిస్టర్‌లో రెండు గడులు చేర్చండి. ఆపరేషన్ కావాలని నిర్ణయించిన సమయం, బిడ్డ పుట్టిన సమయం. ప్రైవేటైనా ప్రభుత్వమైనా అందరికీ ఒకటే నియమం. మొదటి తరగతి కేసు అరగంట దాటితే మర్నాడు పొద్దున్నే ఐదు నిమిషాలు కూర్చుని ఎక్కడ ఆగిందో చూడండి. తాళమా, ఫోనా, రక్తమా, మనిషా? శిక్షించడానికి కాదు. శిక్ష ఉందంటే ఎవరూ నిజమైన టైము రాయరు. కేరళలో ప్రసూతి వైద్యుల సంఘం 2004 నుంచి తల్లుల మరణాలను పేర్లు బయటపెట్టకుండా సమీక్షిస్తోంది. ఏం నేర్చుకోవాలో అందరికీ చెబుతోంది, ఎవరినీ వేలెత్తి చూపించదు. 2018–20లో అక్కడ లక్ష సజీవ జననాలకు 19 మరణాలే ఉండడానికి చాలా కారణాలున్నాయి, ఆ అలవాటు కూడా ఒకటని నా నమ్మకం. అగ్నిమాపక శాఖవాళ్లు చేసినట్టు నెలకోసారి రాత్రిపూట చెప్పకుండా ఒక రిహార్సల్ పెట్టండి. ఖాళీ ట్రాలీని లేబర్ రూము నుంచి థియేటర్ బల్ల దాకా తోసుకెళ్లి టైము చూడండి. ఆ తలుపు వెడల్పు చాలదనో, ఆ ర్యాంపు మలుపులో ట్రాలీ తిరగదనో అప్పుడే తెలుస్తుంది.

వింటున్న కుటుంబాలకు చివరిగా. ఎనిమిదో నెలలోనే, మీరు కాన్పుకు అనుకున్న ఆసుపత్రికి వెళ్లి అడగండి. రాత్రి రెండు గంటలకు, ఆదివారం, పండగ రోజు మత్తు డాక్టరు ఇక్కడే ఉంటారా, పిలిస్తే రావాలా, వస్తే ఎంతసేపట్లో వస్తారు? రక్తం ఇక్కడ ఉందా, ఎక్కడి నుంచి తేవాలి? పిల్లల డాక్టరు ఉంటారా? ఈ ప్రశ్నలకు చిరాకు పడే ఆసుపత్రి కంటే సూటిగా జవాబు చెప్పే ఆసుపత్రి మేలు, గదిలో ఏసీ లేకపోయినా సరే. తల్లి రక్తం గ్రూపు, పాత ఆపరేషన్ కాగితాలు, స్కానింగులు ఒక సంచిలో పెట్టి తలుపు పక్కన ఉంచండి. ఆ గ్రూపు రక్తం ఇవ్వగల ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు రాసి పెట్టుకోండి. నొప్పులు పెంచే సూది ఊళ్లో ఎవరి చేతా వేయించకండి. ఉమ్మనీరు పోయినా, పచ్చగా కనిపించినా, రక్తం పడినా, బిడ్డ కదలిక తగ్గినా, చూపు మసకబారి తలనొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు. మీ ఊరికి 108 వస్తే ఏ దారిన వస్తుంది, వానలో ఆ దారి తెగుతుందా అన్నది కూడా ఇప్పుడే చూసి పెట్టుకోండి.